మూడో ఆదివారం లేచి నిలబడ్డాను

మా మేనమామ పెద్ద కొడుకునే చేసుకున్నాను నేను. మాకు పుట్టిన బాబుకి చెవులు వినిపించవు. మేనరికమా అని అడిగింది డాక్టరమ్మ. ముందు తరాల్లో కూడా ఉందా అని మళ్లీ అడిగింది. ఇంటికొచ్చి మామని అడిగాను.

"మా ఇంట్ల మేనరికం నీతోనే మొదలు," అన్నాడు మామ. "కడుపుతోని నాచారం మందుల కంపెనీకి పోయినవ్. ఆ వాసన పిల్లగానికి తగిలింది." ఉప్పల్ ఇంటి వాకిట్లో, పక్కింటివాళ్లు వింటుండగా అన్నాడు. అది నేను మరిచిపోలేదు.

బాబుకి మూడేళ్లప్పుడు మామ తన చిన్న కొడుక్కి మా చెల్లెలిని అడిగాడు. అమ్మ తన తమ్ముడి మాట కాదనలేదు. నాకు అన్నం సహించలేదు. చెల్లెలి ఒడిలోనూ పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డే కనిపించేది.

బాబుని చంకనేసుకుని బస్సెక్కి అమ్మ పుట్టిన ఊరికి వెళ్లాను. తెల్లదొర కట్టించిన చర్చిలో పాత రిజిస్టర్లు ఉన్నాయి. అమ్మమ్మ, తాతల పెళ్లి రాసిన చోట 'బంధుత్వం లేదు' అని ఉంది. అయినా కదల్లేదు, బాప్తిస్మాల రిజిస్టరు ఇప్పించమన్నాను. మావాళ్లు బాప్తిస్మంతో కొత్త పేర్లు పెట్టుకున్నారు. కొత్త పేరు పక్కనే పాత పేరు, తండ్రి పేరు కూడా రాయించాడు దొర. పాత పేర్లు పట్టుకుని వెనక్కి పోతే తేలింది. అమ్మమ్మ తల్లి, తాత తండ్రి సొంత అక్కాతమ్ముళ్లు.

"దొర మేనరికమంటే మొగం తిప్పుకునేటోడట బిడ్డా," అన్నాడు చర్చి కావలి ముసలాయన. "గందుకే ఏం గామని రాపిచ్చుకున్నరు."

కాగితం మీద ఎక్కించుకొచ్చి మామకి చూపించాను.

"సచ్చినోళ్ల పేర్లు దెచ్చి బతికున్నోళ్ల పెండ్లి ఆపుతవా?" అన్నాడు. ఇదీ మరిచిపోలేదు.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేవమంటారు. ఎవరూ లేవరు. మూడో ఆదివారం నేను లేచి కాగితం మొత్తం చదివాను.

అయ్యగారు ఓపికగా విన్నారు. "మేనరికం మన సంఘం నియమాల్ల అభ్యంతరం కాదమ్మా," అన్నారు.

నేను నిలబడే ఉన్నాను. ముందు వరసలోంచి చెల్లెలు వెనక్కి తిరిగింది.

"కూసో అక్కా. ఇజ్జత్ దీస్తున్నవ్."

కూర్చున్నాను. పెళ్లయింది. ఏడాది పాటు చెల్లెలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత, కడుపుతో ఆరో నెలలో, డాక్టరు దగ్గరి నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ కాగితం ఉన్నదా?"

పారేస్తానా.