గన్నవరం మిట్ట ఎక్కని కారు

మా మనవరాలు శిరీషకు ఏడో నెల ఆ రోజుతో ఆఖరు. మర్నాటి నుంచి ఎనిమిది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లను గడప దాటించడం మా వైపు ఆనవాయితీ కాదు. ఆ రోజు దీపాలవేళ లోపల రాజోలులోని అత్తవారింటి నుంచి పలివెలలో నేనుంటున్న మా అమ్మాయి ఇంటికి తెచ్చుకోవాలి. లేకపోతే నెల ఆగి, తొమ్మిదో నెలలో నిండు చూలాలిని ఈ గోతుల రోడ్ల మీద తీసుకురావాలి. మా అమ్మాయి ఇంట్లో పనులు చూసుకుంటానంది. నేనూ అల్లుడుగారు సత్తిబాబూ బయలుదేరాం. నేను బస్సన్నాను. ఆయన కారన్నారు.

ఆ కారు సంగతి చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు, హైదరాబాదులో ఎవరో వాడి వాడి వదిలించుకున్న చిన్న తెల్ల కారు ఆయన కొన్నారు. అంతకు ముందు ఇరవయ్యేళ్ళు స్కూటరు మీద తిరిగి కొబ్బరికాయల బేరాలు చేసిన మనిషి. కారు వచ్చాక వీధి చివర కిళ్ళీకొట్టుకు కూడా నడవడం మానేశారు.

"కారుండగా పిల్లని బస్సులో తీసుకొస్తే వియ్యాలవారు ఏవనుకుంటారండీ, అత్తయ్యగారూ?"

"పిల్ల వచ్చేసిందనుకుంటారు," అన్నాను.

నా మాట చెల్లలేదు. ఏడు గంటలకు చలిమిడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను. ఆయన అద్దం తుడుస్తుండగానే బస్సు మా ముందు నుంచి వెళ్ళిపోయింది.

కొత్తపేట బంకులో పెట్రోలు పోయించాక, అల్లుడుగారు సీటు కింద నుంచి ఆకుపచ్చ సీసా తీసి, ఎప్పటిలాగే ఒక మూతెడు నూనె టాంకులో వంచారు. బంకు మనిషి నోరు తెరిచి చూశాడు.

"కారుకి ఆయిలు కలుపుతారేటండీ? స్కూటరుకైతే కలుపుతారు గానీ."

"ఇంజనుకి చలవయ్యా. ఇరవయ్యేళ్ళు నా స్కూటరు ఒక్క రోజు మొరాయించలేదు. నీకు తెలీదులే."

అతనికి తెలుసో తెలియదో గానీ డబ్బులు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను గిన్నె సర్దుకున్నాను. కార్ల గురించి నాకేం తెలుసు?

ఊరు దాటిన కాసేపటికే కారు నీరసించింది. ఆయన కాలు ఎంత నొక్కినా ఇంజను మూలుగుతుందే గానీ ముందుకు దూకదు. అంబాజీపేట చేరేలోపు కొబ్బరికాయల ట్రాక్టరు మమ్మల్ని దాటింది, ఆటోలు దాటాయి, చివరికి అరటిగెలల సైకిలు కూడా దాటింది. సైకిలాయనకు అల్లుడుగారు తెలుసు.

"సత్తిబాబుగారూ, తాడు కట్టి లాగమంటారేటండీ?"

అల్లుడుగారు అద్దం పైకెత్తేశారు. ఎత్తాక లోపలంతా కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టింది. ఆయన ముక్కు ఎగబీల్చి, నా ఒళ్ళోకి చూసి, "చలిమిడి పాడైనట్టుందండీ, అత్తయ్యగారూ," అన్నారు.

తెల్లవారుజామున నా చేత్తో పాకం పట్టిన చలిమిడి! మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. యాలకుల వాసన వచ్చింది. ఆయన ఎత్తిన అద్దం మళ్ళీ దించేశారు.

తొమ్మిది దాటుతుండగా గన్నవరంలో వైనతేయ ఏటి మీద వంతెన ఎక్కే మిట్ట దగ్గర కారు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళంతా వైద్యులైపోయారు. పెట్రోల్లో నీళ్ళు కలిశాయని ఒకాయన, బ్యాటరీ చచ్చిందని ఇంకొకాయన. "దిష్టండీ, నిమ్మకాయ కట్టాల్సింది," అంది తట్టలో పనసతొనలమ్ముకునే ఆవిడ. వాళ్ళలో కారున్నవాడు ఒక్కడూ లేడు.

సెంటరులో షెడ్డున్న మెకానిక్కు సూరిబాబు మోపెడు మీద వచ్చాడు. చేతికన్నా ముందు నోరు పనిచేసే మనిషి.

"ఆయ్, కార్బురేటరండీ. చూడక్కర్లేదు, చప్పుడు వింటేనే చెప్పేస్తాను."

కార్బురేటరు విప్పి కడిగి బిగించాడు. కారు మళ్ళీ దగ్గింది. "అయితే ప్లగ్గులండీ. ముందే అనుకున్నాను." ప్లగ్గులు తీశాడు, గీకాడు. నేను కారు దిగి గట్టు మీద కూర్చున్నాను. రాజోలు బస్సు ఒకటి పోయింది. ఎండ ఎక్కుతోంది, నా లెక్క దీపాలవేళ మీదే ఉంది.

చివరికి ఏమనుకున్నాడో, ఇంజను వేయించి, వెనక్కి పోయి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాడు. చేతికి గాలి తగల్లేదు. వంగి కారు కింద చూశాడు. అక్కడ డబ్బా ఒకటి కుంపట్లో కాల్చిన అట్లకాడలా ఎర్రగా ఉంది. "ఆపేయండి, ఆపేయండి!" అని అరిచాడు. కాస్త చల్లారాక, చేతికి తడిగోనె చుట్టుకుని, ఇంజను నుంచి ఆ డబ్బాలోకి వెళ్ళే గొట్టం బోల్టులు వదులు చేశాడు. మళ్ళీ ఇంజను వేయగానే వంతెన మీద కాకులన్నీ లేచిపోయేంత మోత. కానీ ఇంజను జోరు తిరిగి వచ్చింది. అల్లుడుగారు కాలు తాకిస్తే చాలు, ఉరికింది.

"దొరికిందండీ దొంగ! కేటలిటిక్ కన్వర్టరండీ ఇది. లోపల తేనెపట్టులాంటి జల్లెడుంటుంది. పొగలో విషాన్ని అది కాల్చేస్తుంది. జల్లెడ పూడుకుపోయిందండీ. పొగ బయటికి పోదు, ఇంజనుకి ఊపిరాడదు. డబ్బా ముందు దారిచ్చేం కదా, చూశారా జోరు!"

"ఎందుకు పూడుకుందయ్యా?" అన్నాను.

"నూనె మసండీ. పెట్రోల్లో నూనె కలిస్తే ఇంతే." అంటూ సీటు వైపు చూశాడు. ఆకుపచ్చ సీసా తల బయటపెట్టి ఉంది. "ఎవరండీ పోసింది?"

అల్లుడుగారు వైనతేయ వైపు చూస్తూ నిలబడ్డారు. ఏటిలో అంత చూడదగ్గదేమీ లేదు.

సూరిబాబు జాలిపడ్డాడు. "పర్లేదులెండి, మా బావ కారులో నేనే పోయించేను ఏడాదిపాటు. ఊచ పెట్టి జల్లెడ బద్దలుగొట్టేస్తే సరిపోద్దండీ, డబ్బా ఖాళీగా ఉంచేద్దాం."

"కొట్టెయ్యవోయ్," అన్నారు అల్లుడుగారు.

"విషం కాల్చడానికి పెట్టిన జల్లెడని బద్దలుగొట్టి, ఆ విషం కడుపుతో ఉన్న నా పిల్లకి పీల్పిస్తారా?" అన్నాను. "కొత్త డబ్బా వేస్తే సరిపోదా?"

రాజమండ్రి నుంచి రావాలట, ఈ రోజు కాదట. పోనీ అలాగే వదులు బోల్టులతో పోదామంటే పొగంతా సీటు కిందికే. రాజోలు బస్సు కనబడింది. చలిమిడి గిన్నె తీసుకుని చెయ్యెత్తాను.

"మరి నేనో, అత్తయ్యగారూ?"

"మీ కారుకి తోడుండండి."

భోజనాల వేళకు రాజోలు చేరాను. శిరీష అత్తగారు వీధిలోకి, నా వెనక్కి, మళ్ళీ నా ముఖంలోకి చూసింది. "కారులో వస్తారన్నారని గుమ్మంలో సైకిళ్ళు కూడా తీయించేశానండీ, పిన్నిగారూ."

"మంచి పని చేశారమ్మా. నడవడానికి చోటుంది."

పులస దొరికే కాలం కాదు గానీ, వంకాయ కూర, ముక్కల పులుసు బాగున్నాయి. మూడింటికల్లా శిరీషతో రావులపాలెం బస్సెక్కాను. కండక్టరు ముందు సీటు ఖాళీ చేయించి, "డ్రైవరుగారూ, ఒట్టి మనిషి కాదండీ, గోతులు చూసి పోనివ్వండి," అని కేకేశాడు. ఆ డ్రైవరు పూలపల్లకీ మోసినట్టు నడిపాడు.

గన్నవరంలో బస్సాగగానే అల్లుడుగారు కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ముఖం నిండా మసి.

"దిగమ్మా శిరీషా! కారు ఎలా ఉరుకుతోందో చూద్దువు గాని."

వెనక కారు వదులు బోల్టులతోనే గుర్రుమంటోంది, కిందినుంచి నల్లగా పొగ కక్కుతోంది. శిరీష కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. "నాన్నా, నాకు వాంతొస్తది. నువ్వే వెనకాల రా."

బస్సు కదిలింది. కొత్తపేట దాకా మా వెనకే ఆ మోత. పక్క సీటావిడ ఆగలేక అడిగేసింది. "మీవాళ్ళాండీ ఆ కారులో?"

"సామాను బండమ్మా," అన్నాను.

కొత్తపేటలో ఆటో మాట్లాడుకుని పలివెల చేరేసరికి, మా అమ్మాయి అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. శిరీష కుడికాలు లోపల పెట్టాక దీపం వెలిగించింది. అల్లుడుగారు కాస్సేపటికి వచ్చారు. ఆయన వస్తున్నట్టు ఊరంతటికీ ముందే తెలిసింది.

ఈ దారిన పాత కారులో వెళ్ళేవారికి నాకు తెలిసింది ఇది. కారు నీరసిస్తే, కుళ్ళిన గుడ్ల కంపు కొడితే, ముందు పొగగొట్టానికి కాస్త ఎడంగా చెయ్యి పెట్టి చూడండి. గాలి తగలకపోతే ప్లగ్గులు గీకించుకోవద్దు. చలిమిడి జోలికి అసలు పోవద్దు. ఆ రోజున నేను చూసిన బళ్ళలో చెప్పిన చోటికి చెప్పిన వేళకు చేర్చింది బస్సొక్కటే.

రాజమండ్రి నుంచి కొత్త డబ్బా తెప్పించి వేశారు, కారు ఇప్పుడు బుద్ధిగానే తిరుగుతోంది. ఆకుపచ్చ సీసాలో నూనె సగం మిగిలితే పారబొయ్యడం ఎందుకని వీధి గేటు బందులకు రాశాను. గేటు కిర్రుమనడం మానేసింది. ఇప్పుడు అల్లుడుగారు ఎప్పుడు కారు తీసుకెళ్తున్నారో ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు.