మూడో పిచ్చర్ స్థానం

కరోనా ఆంక్షలు ఎత్తివేసిన మరుసటి చలికాలం, ఫిబ్రవరి మొదట్లో, బహ్రెయిన్ రాజధాని మనామాలో నేను పనిచేస్తున్న ప్రైవేటు ఆసుపత్రి నన్ను ఒక బేస్‌బాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టుగా పంపింది. అప్పటికి నేను ఆ విభాగంలో సీనియర్‌ని, పదవీ విరమణకు దగ్గర పడుతున్నవాణ్ణి. కాకినాడలో ప్రాక్టీసు మొదలుపెట్టిన నాటి నుంచి క్రికెట్ ఆడేవాళ్ల భుజాలు, మోకాళ్లు చాలానే చూశాను. బేస్‌బాల్ మాత్రం టీవీలో కూడా ఒక ఆట పూర్తిగా చూసింది లేదు. ఆ మాటే మా మెడికల్ డైరెక్టరుకు చెప్పాను. ఆటేదైనా చెయ్యి చెయ్యే కదా అని ఆయన కాగితాల మీద సంతకం పెట్టేశారు.

ఆ జట్టు ఒక నిర్మాణ సంస్థది. తుబ్లీలో వాళ్ల వర్క్‌షాపులు, గోడౌన్, పనివాళ్ల క్యాంపు ఉండేవి. ఒక పెద్ద ప్రాజెక్టులో జపాన్ కంపెనీతో భాగస్వామ్యం కుదిరింది. ఆ కంపెనీ తరఫున వచ్చిన పెద్దలకు బేస్‌బాల్ అంటే ప్రాణం. గల్ఫ్‌లో ఉన్న కంపెనీల జట్లన్నీ కలిసి ఆడే టోర్నమెంటుకు తామూ ఒక జట్టును పంపాలనుకున్నారు. కోచ్‌గా మోరి గారిని రప్పించారు. జపాన్‌లో ఒక కంపెనీ జట్టుకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. ఇంగ్లీషు తక్కువ, మాటలు అంతకంటే తక్కువ.

సీజనుకు ముందు జరిపే శిబిరాన్ని ఆ ఆటలో స్ప్రింగ్ ట్రైనింగ్ అంటారు. బహ్రెయిన్‌లో వసంతం అని విడిగా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఎండలు ముదిరేలోపు దొరికే ఆ కొద్ది వారాలే మాకు వసంతం. బుదైయాలో ఖర్జూర తోటల వెనక ఒక స్థలం అద్దెకు తీసుకుని, చదును చేసి, నడుమ మట్టితో చిన్న దిబ్బ కట్టారు. పిచ్చర్ ఆ దిబ్బ మీద నిలబడి బంతి విసురుతాడు. క్రికెట్ బౌలర్ మోచెయ్యి వంచి విసరకూడదు. ఇక్కడ వంచి, కొరడా ఝళిపించినట్టు విసరడమే పద్ధతి. ఆ విసురులో బరువంతా మోచేతి లోపలివైపున్న లిగమెంటు మీద పడుతుంది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ లాంటిది అది. అది తెగిందంటే పిచ్చర్‌గా అతని పని అయిపోయినట్టే.

ఆట మొదలుపెట్టి సగానికి పైగా లాక్కొచ్చేవాణ్ణి స్టార్టింగ్ పిచ్చర్ అంటారు. ఒకసారి ఆడాక అతని చేతికి కొన్ని రోజుల విశ్రాంతి కావాలి కాబట్టి, జట్టుకు అలాంటివాళ్లు ముగ్గురు ఉండాలని, వంతుల వారీగా ఆడిస్తానని మోరి గారు చెప్పారు. రెండు స్థానాలకు పోటీ లేదు. ఒకటి కాలేజీ రోజుల్లో ఆడిన జపాన్ ఇంజనీరుకు, రెండోది పెషావర్ నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్‌కు. మూడో స్థానానికి ఇద్దరు మిగిలారు.

మొదటివాడు జోయెల్, ఫిలిప్పీన్స్ మనిషి. ముప్పై అయిదు దాటినవాడు. తుబ్లీ గోడౌన్‌లో స్టోర్ కీపరు. చిన్నప్పటి నుంచీ ఆడిన ఆటే. బంతికి పెద్ద వేగం లేదు గాని, ఎక్కడ వెయ్యాలో తెలుసు. రెండోవాడు రాజేందర్. జగిత్యాల దగ్గర పల్లె. కంపెనీలో స్కాఫోల్డింగ్ పని, అంటే భవనం చుట్టూ ఇనప పైపులతో అంచెలు కట్టి, వాటి మీద ఎక్కి పనిచేయడం. శుక్రవారాలు క్యాంపు పక్క ఖాళీ జాగాలో క్రికెట్ ఆడేవాడు. బౌండరీ దగ్గర బంతి అందుకుని అతను వికెట్ల మీదికి విసరడం మోరి గారు ఒకసారి కారులోంచి చూశారట. మర్నాడే పిలిపించారు.

నన్ను మొదటిసారి కలిసినప్పుడు రాజేందర్, నేను తెలుగువాణ్ణని తెలిసి, మొహం విప్పారగా అన్న మాట ఇది: “దుబాయి వచ్చి ఆరేండ్లాయె సార్. దవఖానల తెలుగు మాట్లాడేటోళ్లు దొరకుడు గిదే మొదటిసారి.” బహ్రెయిన్‌లో ఉన్నా అతనికి అది దుబాయే.

పోటీకి ఇంకో విషయం ముడిపడి ఉంది. స్టార్టింగ్ పిచ్చర్ల చేతులు కాపాడుకోవాలని మోరి గారు కోరితే, ఎంపికైన ముగ్గురికీ సీజనంతా స్టోర్‌లో తేలికపాటి డ్యూటీ ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఉద్దేశం మంచిదే. ఇంజనీరుకు దాంతో అవసరమే లేదు. రాజేందర్‌కు మాత్రం ఆ స్థానం దక్కడమంటే ఎండలో, గాలిలో, అంత ఎత్తున పైపులు మోసే పని నుంచి దిగి నీడపట్టుకు రావడం. శిబిరం జరుగుతున్న వారాల్లో అతని సైట్ డ్యూటీ తగ్గలేదు. పొద్దంతా తల పైకి పైపులు ఎత్తి బిగించి, కంపెనీ బస్సులో బుదైయా వచ్చి, అదే చేత్తో బంతి విసిరేవాడు. జోయెల్ స్టోర్‌లో కూర్చుని వచ్చేవాడు. పోటీ సమానం కాదని నాకు మొదటి వారంలోనే అర్థమైంది. కానీ డ్యూటీలు నా పరిధిలోవి కావు.

నా పరిధిలోది చెయ్యి. ప్రతి శనివారం నలుగురి భుజం ఎంత తిరుగుతుందో కొలిచేవాణ్ణి. పిడికిలి పట్టు చిన్న యంత్రంతో చూసేవాణ్ణి. ఆ తర్వాత మోచేతిని లోపలి నుంచి బయటికి వంచుతూ చాపి, నొప్పి ఎక్కడ మొదలవుతోందో అడిగేవాణ్ణి. శిబిరం సగానికి వచ్చేసరికి రాజేందర్ భుజం బాగానే ఉంది గాని, పట్టు తగ్గడం మొదలైంది. అడిగితే, “పైపులు మోసి మోసి సార్, ఏం గాదు,” అన్నాడు. ఆ మాట నమ్మదగ్గదే. స్కాఫోల్డింగ్ చేసేవాళ్లలో సాయంత్రానికి పట్టు తగ్గడం మామూలు.

కొద్ది రోజులకు జోయెల్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. రాజేందర్ ప్రాక్టీసు మధ్యలో చన్నీళ్ల సీసా మోచేతికి ఆనించుకుంటున్నాడని, తాను చాలామంది పిచ్చర్లను చూశానని, ఆ చెయ్యి ఎక్కువ రోజులు నిలవదని చెప్పాడు. కోచ్‌కు చెబితే స్థానం కోసం చెప్పినట్టు ఉంటుందని, అందుకే నాకు చెబుతున్నానని అన్నాడు. నాకు మాత్రం అనుమానం లేకపోలేదు. పోటీదారు గాయం గురించి పోటీదారే చెబితే ఎవరికైనా కలిగే అనుమానమే అది. అయినా ఆ సాయంత్రమే రాజేందర్‌ను పిలిచి మళ్లీ పరీక్షించాను. చెయ్యి వంచి చాపుతున్నంతసేపూ అతను గోడ మీద గడియారం వైపు చూస్తూ ఉన్నాడు. కనురెప్ప కూడా కదల్లేదు. నొప్పి లేదన్నాడు.

మా వృత్తిలోని పరిమితి ఇక్కడే ఉంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. ఈ పట్టీ సాగిందో లేదో తొలిదశలో చెప్పవలసింది రోగే. అతను నోరు విప్పకపోతే మా చేతి పరీక్ష సగం గుడ్డిది. స్కాన్ తీయించాలన్నా ఫిర్యాదు ఉండాలి. కంపెనీ ఇన్సూరెన్సు నిబంధన అది. మోరి గారికి పట్టు తగ్గిన సంగతి ఒక్కటే చెప్పాను. ఆయన తలాడించి, రాజేందర్ విసిరే బంతుల సంఖ్య తగ్గించారు.

ఎంపిక ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగింది. జట్టునే రెండుగా చీల్చి ఆడించారు. ఒకవైపు జోయెల్, ఇంకోవైపు రాజేందర్. కంపెనీ పెద్దలు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. క్యాంపు నుంచి మనవాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు. ఈ ఆటలో ముగ్గురు అవుటైతే జట్టు వంతు అయిపోతుంది, ఇన్నింగ్సులు చిన్నవి. రాజేందర్ మొదటి రెండు ఇన్నింగ్సులూ అద్భుతంగా వేశాడు. బ్యాట్ పట్టినవాళ్లకు బంతి కనిపిస్తున్నట్టే లేదు. కుర్చీల్లో ఉన్నవాళ్లు అప్పుడే నిర్ణయం అయిపోయినట్టు మాట్లాడుకోవడం నాకు వినిపించింది.

మూడో ఇన్నింగ్సులో నాకు రెండు విషయాలు కనిపించాయి. బంతి వదిలేటప్పుడు మోచెయ్యి భుజం ఎత్తు కంటే కిందికి జారుతోంది. ప్రతి బంతికీ మధ్య అతను చేతివేళ్లు విదిలిస్తున్నాడు. అన్ని వేళ్లూ కాదు, చివరి రెండూ. మోచేతి లోపలివైపు, ఆ పట్టీని ఆనుకుని ఒక నరం పోతుంది. పట్టీ సాగి నరం ఒత్తుకుంటే తిమ్మిరెక్కేది ఆ రెండు వేళ్లే. అతని నోరు దాచిన సంగతి వేళ్లు చెబుతున్నాయి.

ఫిజియో చెయ్యి ఎత్తితే కోచ్ ఆట ఆపాలని మా ఒప్పందంలో ఉంది. అప్పటిదాకా ఆ అధికారం వాడవలసిన అవసరం రాలేదు. ఆ సమయంలో చెయ్యి ఎత్తితే అతని స్థానం పోతుందని తెలుసు. స్థానంతో పాటు పోయేదేమిటో కూడా తెలుసు. ఎత్తకపోతే ఇంకో పది బంతుల్లో పట్టీ పూర్తిగా తెగవచ్చు. అప్పుడు బంతే కాదు, పైపు ఎత్తడం కూడా కష్టమే. నేను చెయ్యి ఎత్తాను.

మోరి గారు, నేను దిబ్బ దగ్గరికి నడిచాం. రాజేందర్ నన్ను చూసి బంతి గట్టిగా పట్టుకున్నాడు.

“ఇంకొక్క ఇన్నింగ్స్ సార్. గంతే,” అన్నాడు.

“చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందా?” అని అడిగాను.

అతను కుర్చీల వైపు చూశాడు. తర్వాత మెల్లగా, “రెండు వారాలాయె సార్. మీకు చెప్తే తీసేస్తరు. గిది దొరికితే కింద స్టోర్ల పని. లేకుంటే మల్ల పైపు పట్కొని పైకెక్కుడే. మీరే చెప్పుండ్రి, ఎట్ల చెప్పాలె?” అన్నాడు.

“ఇప్పుడు ఆపితే చెయ్యి మిగులుతుంది రాజేందర్. దాంతో చేసుకోవలసిన పనులు నీకింకా చాలా ఉన్నాయి,” అన్నాను. అతను బంతిని మోరి గారి చేతిలో పెట్టి, తల వంచుకుని మైదానం దాటి బస్సులోకి వెళ్లి కూర్చున్నాడు. మిగతా ఆటలో జోయెల్ తడబడకుండా వేశాడు. మూడో స్థానం అతనిదైంది.

స్కాన్‌లో లిగమెంటు పాక్షికంగా చిరిగినట్టు తేలింది. కొన్ని నెలల విశ్రాంతితో కుదురుకునే గాయమే. చిక్కు వేరేచోట వచ్చింది. కంపెనీ మెడికల్ సర్టిఫికెట్‌లో రెండే గడులు: పనికి అర్హుడు, అనర్హుడు. అర్హుడని టిక్కు పెడితే మర్నాడే పైపులు మోయిస్తారు. అనర్హుడంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపిస్తారు. పర్సనెల్ మేనేజరుకు ఫోన్ చేసి మధ్యేమార్గం అడిగాను. స్కాఫోల్డర్‌గా వచ్చినవాడు స్కాఫోల్డింగ్ చెయ్యలేకపోతే ఖలాస్, తమ దగ్గర మూడో గడి లేదని ఆయన అన్నారు. దురుసుగా ఏమీ అనలేదు. ఉన్న నిబంధన చెప్పారు, అంతే.

నేను రెండు గడులూ వదిలేసి, కింద ఖాళీలో రాశాను. భుజం ఎత్తుకు పైన బరువు ఎత్తకూడదు, విసరకూడదు. మిగతా అన్ని పనులకూ అర్హుడు. మూడు నెలల తర్వాత తిరిగి పరీక్షించాలి. అలా రాసి, దాన్ని రాజేందర్ చేతికిచ్చి పంపడం కాకుండా, నేనే తుబ్లీ ఆఫీసుకు పట్టుకెళ్లాను. మోరి గారిని కూడా రమ్మన్నాను. ఆయన తనతో జోయెల్‌ను వెంటబెట్టుకొచ్చారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మేనేజరు కాగితం చదివి, ఇలాంటివాడికి ఇవ్వడానికి పోస్టు ఎక్కడుందని అడిగారు. అప్పుడు జోయెల్ మాట్లాడాడు. మూడో పిచ్చర్‌ను స్టోర్‌కు మార్చడానికి పై నుంచి మంజూరు ఉందని, ఆ మూడో పిచ్చర్ తానేనని, తాను ముందు నుంచీ స్టోర్‌లోనే ఉన్నాను కాబట్టి ఆ మంజూరు ఎవరూ వాడుకోకుండా మిగిలిపోయిందని అన్నాడు. అది రాజేందర్‌కు ఇమ్మని, తన కిందే పెట్టుకుని పని నేర్పుతానని చెప్పాడు. మోరి గారు తనకొచ్చిన ఇంగ్లీషులో ఒక్క మాటే కలిపారు: “జట్టు మనిషి అతను.” పై అనుమతి ఎలాగూ ఉంది కాబట్టి తనకు అభ్యంతరం లేదని మేనేజరు అన్నారు.

బయటికి వచ్చాక జోయెల్‌కు కృతజ్ఞతలు చెప్పాను. మొదట అతన్ని అనుమానించిన సంగతి కూడా చెప్పాను. అది తనకు అప్పుడే తెలుసని, నా స్థానంలో ఉంటే తానూ అనుమానించేవాడినని నవ్వాడు.

రాజేందర్ ఆ సీజనంతా తుబ్లీ స్టోర్‌లో పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే డ్యూటీ చేశాడు. చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. వ్యాయామాలకు టైముకు వచ్చేవాడు, చెప్పినవన్నీ చేసేవాడు, అడిగినదానికి జవాబిచ్చి వెళ్లిపోయేవాడు. వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోయిన రోజున మాత్రం తనంతట తానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇంటికి ఫోన్ చేసి చెప్పిన సార్, చెయ్యి మంచిగయిందని. అప్పటిదాక అసలు వాళ్లకు చెప్పలే,” అన్నాడు. ఆ చేతికి మళ్లీ అంత వేగం రాలేదు. మరుసటి ఏడు మోరి గారు అతన్ని విసిరే పని తక్కువగా ఉండే ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డర్‌గా నిలబెట్టారు. అక్కడ అతను బాగా రాణించాడు. జట్టు మాత్రం ఆ రెండేళ్లూ ఫైనల్ దాకా వెళ్లలేదు.

రెండో శిబిరం మొదలయ్యే ముందు నేను కంపెనీకి రెండు సూచనలు రాసి ఇచ్చాను. పిచ్చర్ స్థానానికి పోటీ పడే ప్రతివాడికీ శిబిరం మొదటి రోజు నుంచే తేలికపాటి డ్యూటీ ఇవ్వాలి, అది ఎంపికతో ముడిపెట్టకూడదు. గాయపడినవాడికి సర్టిఫికెట్‌లో మూడో గడి ఉండాలి. మోరి గారు పట్టుబట్టడంతో రెండూ అమలయ్యాయి. ఆ ఏడు మొదటి వారంలోనే ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, భుజం నొప్పిగా ఉందని వాళ్లంతట వాళ్లే చెప్పారు. వారం రోజులు ఆపించి చికిత్స చేస్తే ఇద్దరూ తిరిగి ఆడారు.

అంతకుముందు ఏ ఆటలోనైనా నొప్పి దాచినవాణ్ణి క్రమశిక్షణ లేనివాడిగా లెక్కగట్టేవాణ్ణి. రాజేందర్ తర్వాత ఆ లెక్క మానుకున్నాను. ఆటగాడు నొప్పి దాస్తున్నాడంటే, చెబితే అతను పోగొట్టుకునేదేమిటో ముందు కనుక్కోవాలి. దాన్ని తీసేయగలిగితే నొప్పి సంగతి అతనే చెబుతాడు. చికిత్స ఆ తర్వాత మొదలవుతుంది.