సుంకమ్మత్త, పావుగంట మిషన్

రాప్తాడు దాటాక, హైవేకి ఎడమ పక్కన ఒక స్కూలు ట్రస్టు వాళ్ల క్రికెట్ గ్రౌండు ఉండేది. చుట్టూ ఎటు చూసినా ఎర్రమట్టి, రాళ్లు. పచ్చగా కనిపించేది ఆ గ్రౌండు ఒక్కటే. ఆ గడ్డికి నీళ్లిచ్చే బోరు ఒకటి, ఆ గడ్డి కోసే మనిషి ఒకరు. ఆ మనిషి సుంకమ్మ. నేను అత్తా అని పిలిచేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు. అత్త వరసైతే ఎగతాళి చేసినా చెల్లుతుందని నేనే కలుపుకున్నాను.

బయటి దేశం నుంచి వచ్చిన ఎవరో అతిథి ట్రస్టుకి ఒక గడ్డి మిషన్ ఇచ్చిపోయాడు. మీద కూచుని నడిపే రకం. సీటు, స్టీరింగు, ముందర బుల్లి బానెట్, పొట్ట కింద గిర్రున తిరిగే కత్తులు. అచ్చం ట్రాక్టర్‌కు పుట్టిన పిల్లలా ఉండేది. వాచ్‌మన్ ఒకసారి ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. చూసినవాళ్లు నవ్వారని దిగిపోయాడు. నవ్వినవాళ్లలో మొదటివాణ్ని నేనే. తర్వాత మగవాళ్లెవరూ దాని జోలికి పోలేదు. సుంకమ్మత్త అప్పటికి అక్కడే వంగి కొడవలితో కోస్తోంది. ఒక రోజు కొడవలి పక్కన పెట్టి, చీర గోచీ పోసి, మిషన్ ఎక్కి కూచుంది.

"నవ్వేవాళ్లు నవ్వుకోండప్పా. వంగి వంగి నొచ్చేది నా నడుము, మీది కాదు" అంది.

వారం తిరిగేసరికి గ్రౌండు మీద చాప పరిచినట్టు చారలు పడ్డాయి.

ఆమెకు కూలి ట్రస్టు వాళ్లు ఇచ్చేవారు. కానీ ఆమె చూసుకునేది కూలి కాదు, కోసిన గడ్డి. ఇంట్లో ఒక గేదె, మా వైపు ఎనుము అంటాం, దాని దూడ. సాయంత్రం గడ్డిని పాత దుప్పట్లో మూట కట్టి నెత్తిన పెట్టుకుని పోయేది. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కాదనలేదు.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. శెనక్కాయ చేలల్లో మొలిచినవి మొలిచినట్టే మాడాయి. కణేకల్ కాలువ కింద నుంచి వరిగడ్డి లారీ వస్తే జనం దాని వెంబడి పరిగెత్తేవాళ్లు. సుంకమ్మత్త వీధిలో పశువులన్నీ సంతకు పోయాయి. మిగిలింది ఆమె ఎనుము ఒక్కటే. అది బతికింది గ్రౌండు గడ్డి మీదే.

ఇక నా సంగతి. పేరు కేశవ. పది తప్పి, కనబడిన మోపెడ్డల్లా విప్పి బిగించి, నేనొక మెకానిక్కునని నాకు నేనే చెప్పుకున్నవాణ్ని. నేను బిగించాక రెండు బోల్టులు మిగిలిపోతాయని ఊరంతా తెలుసు. అయినా ఇంజను ముట్టుకోనిచ్చింది సుంకమ్మత్తే. అంతకుముందు ఆమె టిఫిన్ క్యారియర్లో కప్పను పెట్టిన ఘనత కూడా నాదే. మూత తీసి చూసి, కప్పను వదిలేసి, ఆ సంగటి ముద్ద నా చేత తినిపించింది. తినేదాకా ఎదురుగా కూచుంది. మరుసటి రోజు నుంచి క్యారియర్లో రెండు ముద్దలు ఉండేవి, రెండోది నాకు. 

ఆ కరువు ఏడు ఆయుధ పూజకు మిషన్ కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చామంతి దండ వేశాం. బానెట్ మీదికి పొడుచుకొచ్చిన పెట్రోలు ట్యాంకు మూత దాని నుదురు లాగా ఉంటుంది. బొట్టు అక్కడే పెట్టాలి.

"పోయినేడు పెట్టింది మిషన్ అదురుకు మాపటికే రాలిపాయ" అంది అత్త. "బొట్టు రాలితే నాకు మనసు బాగుండదురా. ఈసారి గట్టిగా పెట్టు."

పసుపూ కుంకుమా నీళ్లతో కలిపితే ఎండి రాలుతుంది కదా. నా తెలివి పనిచేసింది. గ్రీజులో కుంకుమ కలిపి, మూత నడిమధ్య బిళ్ల లాగా మందంగా ఒత్తాను. మిగిలిన దాంతో బానెట్‌కు రెండు కళ్లు, ఒక మీసం కూడా గీశాను.

"నీ మొగం మాదిరే ఉండాది" అంది అత్త, సంతోషంగానే.

పండగైన రెండు రోజులకు మిషన్ మొండికేసింది. పావుగంట చక్కగా నడిచి, దగ్గడం మొదలుపెట్టి, టప్పు టప్పుమని ఎదురుకొట్టి ఆగిపోయింది. ఆ ఆదివారమే టోర్నమెంటు. ట్రస్టు సెక్రటరీ వెంకటేశులు సార్ వచ్చి, మిషన్‌నూ నన్నూ ఒకే రకంగా చూశాడు.

"శనివారం మాపటికల్లా గ్రౌండు కోసి ఉండాల సుంకమ్మా. లేకుంటే అనంతపురం కాంట్రాక్టరు ట్రాక్టర్ తెస్తాడు. తెస్తే ఈ యేడంతా ఆయనకే. గడ్డి కూడా ఆయనే తీస్కపోతాడంట."

 ఆయన పోయాక అత్త నాతో ఒకే మాట అంది. "ఎనుమును సంతకు తోలేయాల్సి వస్తాదిరా."

గురువారం ప్లగ్గు విప్పాను. మసి పట్టి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. కొత్తది తెచ్చి బిగించి, మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసి, స్టార్ట్ చేశాను. ఒక్క దెబ్బకు అందుకుంది.

"అయిపాయ అత్తా. కేశవ చెయ్యి పెడితే ఇంతే."

పావుగంటకు ఆగిపోయింది.

శుక్రవారం కార్బురేటర్ విప్పి, స్టవ్ పిన్నుతో సన్నబొక్కలన్నీ పొడిచాను. మూత తీసి పెట్రోలు పోశాను. మళ్లీ గుర్రంలా లేచింది. మళ్లీ కాలరెగరేశాను. మళ్లీ పావుగంట. పెట్రోలు పైపు మార్చాను, ఫిల్టర్ మార్చాను, ప్లగ్గు వైరు తొడుగు మార్చాను. ప్రతిసారీ పావుగంట సేపు నేను గొప్ప మెకానిక్కును.

ప్రతిసారీ అత్త ఒకే మాట చెప్పింది. "ఒరే, నువ్వు మూత తీసినప్పుడల్లా బుస్సుమని గాలి పీలుస్తాండాది. ఇంతకుముందు అట్ల లేకుండె."

"పెట్రోలు అట్లనే అంటాదిలే. నువ్వు సీట్లో కూచో అత్తా. ఇంజను సంగతి నాకిడ్సు."

శనివారం మధ్యాహ్నానికి గ్రౌండు సగం క్షవరం చేసిన తలలా ఉంది. మిషన్ నట్టనడుమ ఆగి, నేను గీసిన మీసంతో నన్నే చూస్తోంది. వెంకటేశులు సార్ షామియానా కింద నిలబడి, నాలుగు గంటలకు ట్రాక్టర్ తెమ్మని ఫోన్ చేశాడు. నాకు విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. పరువైనా కాపాడుకుందామని ఒక కథ అల్లాను.

"లోపల కరెంటు కాయిలు పోయిందత్తా. ఇది బయటి దేశం సరుకు. ఈడ దొరకదు."

అత్త మిషన్ దిగి నా ఎదుట నిలబడింది.

"కాయిలు చూసినావా నువ్వు?"

నేను స్పానర్‌ను అటూ ఇటూ తిప్పాను.

"తెలీకపోతే తెలీదని చెప్పురా. ఎనుము పోతే పోతాది. నీ అబద్ధానికి మాత్రం పోగూడదు."

ఆమె గొంతు పెంచలేదు. నా చేతిలో స్పానర్ కింద పెట్టేశాను.

"తెలీదు అత్తా" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"అట్లయితే ఇప్పుడిను. అంగట్లో నూనె టిన్నుకు ఎన్ని బొక్కలు కొడ్తారు?"

"రెండు."

"ఒకటే కొడితే?"

"గుటగుటమని ఆగాగి పడ్తాది. రెండోది గాలి పోయేదానికి."

"మరి ఈ టిన్నుకు గాలి బొక్క యాడుండాది? బుస్సుమని అంతగా పీలుస్తాందంటే, దానికి గాలి అందట్లేదు కదా."

ట్యాంకు చుట్టూ వెతికాను. ఎక్కడా లేదు. చివరికి నా చూపు మూత మీద పడింది. మూత నడిమధ్య నా బొట్టు, ఇంత అదురుకూ చెక్కు చెదరకుండా, నిగనిగలాడుతోంది. స్టవ్ పిన్నుతో గీకాను. కింద ఆవగింజంత బొక్క. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాల్సిన దారి అది. నేను మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయేది, ఇంజను లేచేది, ఆ పేరు నేను కొట్టేసేవాణ్ని.

అత్త మూత చూసింది, నన్ను చూసింది.

"నువ్వే కదత్తా రాలకూడదంటివి."

"బొట్టు పెట్టమన్నా. బిరడా కొట్టమన్లేదు."

మూత శుభ్రంగా తుడిచి బిగించాను. ఆమె ఎక్కింది. నేను గడియారం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. పదిహేనో నిమిషంలో నాకు ఊపిరి ఆడలేదు. మిషన్ ఆడింది. ఇరవై అయింది, అరగంట అయింది. చార వెనక చార పడుతూనే ఉంది.

వెంకటేశులు సార్ నా పక్కకు వచ్చాడు. "ఏమాయ? ఏం పోయిండె?"

కాయిలు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏమీ పోలేదు సార్. గ్రీజు బొట్టుతో గాలి బొక్క నేనే మూసేసినా. కనిపెట్టింది సుంకమ్మత్త."

ఆయన మళ్లీ షామియానా కిందికి పోయి ఫోన్ అందుకున్నాడు. నాలుగు గంటలకు ట్రాక్టర్ రాలేదు.

ఆ సాయంత్రం గడ్డి మూట నేను మోశాను. పచ్చిగడ్డి అంత బరువుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఎనుము మూటలోకి మూతి పెట్టి, నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. అది ఆ కరువు దాటింది. మరుసటి ఏడు ఈనింది కూడా. మొదటి జున్ను మా ఇంటికే వచ్చింది.

ఇప్పుడు హైవే పక్కన నాకొక షాపు ఉంది. ఏ ఇంజను వచ్చినా స్పానర్ తీయక ముందు, దాని మీద కూచునేవాళ్లను అడుగుతాను. ఏం చప్పుడొస్తాంది, ఎప్పటినుంచి వస్తాంది అని. వాళ్లు చెప్పేది ఆఖరి మాట దాకా వింటాను. అది నాకు నేర్పింది ఏ మేస్త్రీ కాదు.

కరువు మరుసటి ఏడు ఆయుధ పూజకు అత్త గ్రీజు కుంకుమతో బొట్టు తానే పెట్టింది, బానెట్ మీద నేను మళ్లీ గీసిన కళ్ల నడుమ. తర్వాత ఆ గ్రీజు కుంకుమే వేలికి తీసుకుని నా నుదుటన కూడా ఒత్తింది.

"అదురుకు రాలదు, భయపడాకు" అంది. "నీ బుర్రకు గాలి బొక్క యాడుండాదో చూసే పెట్టినా."

సబ్బు పెట్టి రుద్దినా రెండు రోజులు పోలేదు. మూడో రోజు నేను రుద్దలేదు.