ఈడిత్ గారి చెక్క గరిటె

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

ఎనభైల్లో మేం చికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్లం. పక్కింటి టామ్ గారిది ఇంగ్లండు. భార్య ఈడిత్ పోయాక తిండి మానేసి చిక్కిపోయారు. ఆమె చేసే యార్క్‌షైర్ పుడ్డింగ్ ఒక్కటే కావాలనేవారు. అది తీపిది కాదు. గుడ్లు, పాలు, మైదా జారుగా కలిపి, కాగిన నూనెలో పోసి ఓవెన్‌లో పెడితే పూరీలా పొంగుతుంది. ఆయనకేమో షుగరు, డాక్టరు మైదా వద్దన్నాడు. నేను బాదంపొడితో చేసిపెట్టాను. ఇడ్లీ మూత తీసి చూసే అలవాటు కదా, మాటిమాటికీ ఓవెన్ తలుపు తీశాను. అది చదునుగా అణిగిపోయింది.

“లక్ష్మీ, ఇది పుడ్డింగా, మీ అప్పడమా?” అని నవ్వి, ప్లేటు పక్కకు నెట్టేశారు.

మరుసటి ఆదివారం వాళ్ల వంటింట్లోనే మళ్లీ బాదంపొడితోనే కలిపి పెట్టాను. ఓవెన్ తలుపు మీద చెయ్యి వేశానో లేదో, వెనక బల్ల మీద ఎవరో గరిటెతో టక్కున కొట్టారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గోడకున్న ఈడిత్ గారి చెక్క గరిటె మాత్రం ఊగుతోంది. చటుక్కున చెయ్యి తీసేశాను.

పుడ్డింగ్ పొంగింది. ముందుగదిలోంచి టామ్ గారు తడి కళ్లతో వచ్చారు.

“విన్నావా? నేను తలుపు తీయబోతే ఈడిత్ అలాగే కొట్టేది, చల్లగాలికి అణిగిపోతుందని.”

ఆ రోజు ప్లేటు ఖాళీ చేశారాయన.

ఇప్పటికీ ఓవెన్ ముందు నిలబడితే నా చెవులు వెనక్కే ఉంటాయి. భయమే, కాదనను. కానీ పోయినా ఆవిడకు ఆయన తిన్నాడా లేదా అన్న ఆరాటం పోలేదు. మీ ఇంట వండే చేతులూ, తినే నోళ్లూ చల్లగా ఉండాలి తల్లీ.