పోలారావు మాస్టారి రెండో జాబితా

టెక్కలి నుంచి బదిలీ మీద ఆ ఉద్దానం పల్లెకు వచ్చిన పోలారావు మాస్టారిది ముత్యాల దస్తూరీ. ఆ దస్తూరీ మీద ఆయనకు గర్వం కూడా ఉండేది. అదే ఆయన్ను ముంచింది.

1921 వేసవిలో సముద్రం ఒడ్డున ఉన్న జాలరి పేటకు కలరా తగిలింది. కొబ్బరితోటల అవతల, పెద్దరైతుల నూతిలో చేద వెయ్యనివ్వని పేట అది. ఆడవాళ్లు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీటిని దోసిళ్లతో ఎత్తుకునేవారు. పేటకో నుయ్యి తవ్వించమని మాస్టారు తాలూకా బోర్డుకు అర్జీ పెట్టాడు. ఎందరు పోయారో జాబితా పంపమంది బోర్డు. మునసబు పుస్తకంలో ముగ్గురే ఉన్నారు. అరుగు దిగకుండా రాసే పుస్తకం మరి!

మాస్టారు ఇల్లిల్లూ తిరిగాడు. దారి చూపడానికి ఆ మునసబునే వెంటబెట్టుకున్నాడు. గుమ్మం ముందు నిలబడి, "మీ ఇంట పోయినవారి పేరు?" అని అడిగేవాడు. పలికితే రాశాడు. పలక్కపోతే 'లేరు' అని గుండ్రంగా రాశాడు. తల ఎత్తలేదు. ఎత్తితే ఆ ఆడవాళ్ల బోసి చేతులు కనిపించేవి.

ఐదుగురు తేలారు. ఐదుగురికి నుయ్యి తవ్వించలేమంది బోర్డు.

ఆ కబురు విని పేట మంత్రసాని తవిటమ్మ బడికి వచ్చింది.

"ఏటి బాబూ, మా పేటలో అయిదుగురే సచ్చారా?"

"అడిగాను తవిటమ్మా. ఎవరూ చెప్పలేదు."

"ఏటడిగావు? పేరడిగావు. మొగుడి పేరు ఏ ఆడది పలుకుతాది? మీ ఇంటావిడ పలుకుతాదేటి? పురుడెళ్లని పసిగుడ్లకి పేరే ఎట్టలేదు, ఆళ్లు సావలేదేటి? పైగా మునసబు బాబుని పక్కనెట్టుకొచ్చావు. ఆయన రాసింది తప్పని ఆయన మొకాన్నే సెప్పమంటావా?"

భార్య రత్నాలమ్మ నోట తన పేరు మాస్టారు ఏనాడూ వినలేదు.

ఈసారి తవిటమ్మ వెంట వెళ్లాడు. కాగితం తియ్యకుండా కూర్చున్నాడు. ఆ వల ఎవరిది, ఎన్నాళ్లుగా తడవలేదు, నిరుడు ఎందరికి వండేవారు అని అడిగాడు. ఒక ఇంట విన్నది పక్కింట్లో సరిచూశాడు. తవిటమ్మ చెప్పిన ఇరవై మూడు చావుల లెక్కనూ అలాగే వడకట్టాడు.

"నన్నూ నమ్మవేటి బాబూ?"

"ఒకర్ని పుట్టింటి దగ్గరా, అత్తింటి దగ్గరా రెండుసార్లు లెక్కేశావే!"

"ఓలమ్మ, అవును!"

ఇరవై ఇద్దరు. మునసబు పకపకా నవ్వాడు. "అప్పుడు ఐదన్నావు, ఇప్పుడు ఇరవై రెండంటావు. మొదటిది తప్పని రాశావంటే నీ మాట నమ్మేవాడెవడయ్యా?"

ఆ మాటా నిజమే. తప్పు దాస్తే నుయ్యి తొందరగా వస్తుందేమో. మాస్టారు మూడు రోజులు కాగితం ముందు కూర్చుని, చివరికి ఎక్కడ ఎలా తప్పాడో, ఏ మాట ఎవరి నోట విన్నాడో అంతా రాసి పంపాడు. విచారించాలంటూ బోర్డు ఏడాది నానబెట్టింది. ఈలోగా మరో వేసవి వచ్చింది. చెలమ దగ్గరే మళ్లీ కలరా.

వానలు పడ్డాక బోర్డు మనిషి నౌపడలో రైలు దిగి వచ్చాడు. నాలుగిళ్లలో అడిగాడు. నాలుగూ జాబితాతో సరిపోయాయి. నుయ్యి ఇస్తామన్నాడు.

"పోయినవారి జాబితాలో ఇంకెవరినైనా చేర్చాలా?"

మాస్టారు కలం తీసుకున్నాడు. ఈ ఒక్క పేరు కోసం ఏ ఇంటికీ వెళ్లక్కర్లేదు. 'తవిటమ్మ' అని రాశాడు. అక్షరాలు వంకర పోయాయి.