కిటికీలోంచి వేసిన ఫైలు

యూనివర్సిటీలో జువాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చి, రైల్లో వచ్చి ఆదోనిలో దిగాను. ఆ పోస్టుకు ఎవరో ముందే కర్చీఫ్ వేసేశారని వరండాలోనే చెప్పుకున్నారు. పక్క కుర్చీలో ఒకప్పటి నా స్టూడెంటు. "మేడం, మీరు కూడానా?" అంది. అయినా లోపలికి వెళ్లి కప్పల గురించి అడిగిందంతా చెప్పి వచ్చాను.

బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు చుట్టూ జనం. నాకిక నిలబడే ఓపిక లేదు. టవలు లేదు కాబట్టి సర్టిఫికెట్ల ఫైలునే కిటికీలోంచి ఒక సీటు మీద వేశాను. తోసుకుంటూ ఎక్కేసరికి బస్సు నిండిపోయింది. నా సీటు మాత్రం ఖాళీగానే ఉంది. జిన్నింగు మిల్లులో డ్యూటీ దిగి వస్తున్నాడేమో, జుట్టంతా దూది అంటుకున్న ఒకాయన ఫైలు మీద చెయ్యి ఆనించి నిలబడి, వచ్చినవాళ్లనల్లా ఆపుతున్నాడు.

"ఎవురో ఏసిపోయినారప్పా. మనిషి వస్తాదిలే, ఆగండి."

"అది నాదేనన్నా. పర్వాలేదు, మీరు కూర్చోండి," అన్నాను.

"నేనెట్ల కూర్చుంటానమ్మా? ముందేసింది నువ్వు గదా!"

ఆయన పైకమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీశాడు. మధ్యలో ఏదో ఊళ్లో దిగిపోయాడు.

ఆ తర్వాత ఇంటర్వ్యూలన్నిటికీ ఆ ఫైలే మోసుకెళ్లాను. అది నాకోసం పట్టిన చోటు ఇప్పటికీ ఆ బస్సులోది ఒక్కటే.