మాస్టారికి మాత్రమే వెలిగిన లైటు

మా సైన్సు మాస్టారు పోయారని ఆయన కొడుకు పొద్దున్నే ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. "బాధ పడకండా వెళ్లిపోయేరు మావయ్యా" అన్నాడు. చివరి నెలల్లో ఆయన పడ్డ బాధేమిటో నాకు తెలుసు కనుక ఆ మాట నాకు రుచించలేదు. సంతాప సభలో ఆయన్ని మహానుభావుడన్నవాళ్లలో సగం మంది, ఆయనకు మతి చెడిందని టీకొట్టు దగ్గర నవ్వినవాళ్లే. నాకు మైకు ఇవ్వలేదు. ఇస్తే ఏమంటానో వాళ్లకు తెలుసు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

సముద్రపు ఒడ్డున ఒక ఊరి బడిలో ఆయన సైన్సు చెప్పేవారు, నేను తెలుగు. రిటైరయ్యాక శ్రీకాకుళంలో ఒకే వీధిలో ఉన్నాం. ఈ లోకంలో నాతో తగవు పడకుండా చివరిదాకా మిగిలినవారు ఆయనొక్కరే. అందులో నా గొప్పేమీ లేదు.

ఆయన ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నారు. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే బండి. రోడ్డు మీద ఆగినప్పుడు ఇంజను దానంతటదే ఊరుకునేది. "సూడండి పంతులుగారూ, పన్లేనప్పుడు నోరు మూసుకుంటాది. మీవల్ల కాని పని" అనేవారు.

అందులో తరచూ మా పాత ఊరికి వెళ్లేవారు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు పడవలున్నవాళ్లు, చేపల వ్యాపారులు. మాస్టారి బండిని ఖాళీగా పంపడం అక్కడ తప్పు. డిక్కీ తెరిచి, ఐసు వేసిన చేపల పెట్టె ఎక్కించేవారు. "ఎందుకురా ఇన్నీ?" అంటే, "మీ బెత్తం దెబ్బలకి ఇంకా బాకీ ఉన్నాది మాస్టారూ" అని నవ్వేవారు.

ఒక ముసురు పొద్దున కారు మీటరులో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. నడిమధ్య ఎర్ర త్రికోణం. బండి నీరసపడి ఆగిపోయింది. తాళం ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ లేదు. విశాఖలో కంప్యూటరు తగిలించి చూసినవాళ్లు లోపమేమీ లేదన్నారు. పది రోజులకు మళ్లీ వెలిగింది. భార్య పక్కన కూర్చుంటే వెలగదు. కొడుకు నడిపితే వెలగదు. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడే.

"అస్తమానూ ఉండే తప్పు దొరికిపోతాది పంతులుగారూ. వచ్చి పోయే తప్పే మనిషిని తినేస్తాది" అన్నారు ఒకరోజు.

కొడుకు విజయనగరంలో ఇంజనీరు. "నాన్నా, అది నీకు కనిపిస్తన్నాదేమో, బండిలో మాత్రం లేదు" అన్నాడు నా ముందే. చదువుకున్నవాడి నోట వచ్చిన ఆ మాటను నేను క్షమించలేదు.

అప్పటి నుంచి ఆయన పక్కన కూర్చోవడం నా పని అయింది. ఎన్నో ఉదయాలు ఊరికే తిరిగాం. చివరికి ఒక వాన తుప్పర్ల పూట లైట్లన్నీ వెలిగాయి. ఆయన లైట్ల వైపు చూడలేదు. నా ముఖం చూశారు.

"సూసేరా?"

"చూశాను."

బండి పక్కకు తీసి, కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు.

నేను చూశానని కొడుక్కి చెప్పాను. "మీదీ ఆయన వయసే గదా మావయ్యా" అన్నాడు. ఊరందరితో గొడవపడ్డవాడి సాక్ష్యం ఎవడికి కావాలి?

మాస్టారు ఊరుకోలేదు. ఆ కారులో చిన్న బ్యాటరీ డిక్కీ మూలనే ఉంటుంది. దాని ఎర్త్ వైరు బోల్టు చుట్టూ పచ్చగా, తెల్లగా ఉప్పు పేరుకుంది. ఏళ్ల తరబడి చేపల పెట్టెల నుంచి కారిన ఐసు నీళ్లు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆయన వెనక వంగి వైరు కదిపేవారు.

"వచ్చిందేటి?"

"లేదు."

"ఇప్పుడో?"

వచ్చింది. చిన్నపిల్లాడిలా నవ్వారు. గరుకు కాగితంతో బోల్టు రుద్దారు గాని, ఉప్పు వైరు తొడుగులోపలికి పాకేసిందని, వైరే మార్చాలని తేల్చారు. ఇక పెట్టెలు వద్దనమన్నాను. "ఆళ్లు ప్రేమతో ఎక్కిస్తన్నారు. వైరుదేవుంది, మార్చుకుంటాను" అన్నారు.

మార్చుకోలేదు. ఆదివారం వచ్చిన కొడుక్కి, డిక్కీలో తల పెట్టి ఏదో గొణుక్కుంటున్న తండ్రి కనిపించాడు. "ఇంక సాలు నాన్నా" అని తాళం తీసుకుపోయాడు. మర్నాటి నుంచి మాస్టారు పొద్దున్నే, తలుపులకు తాళం వేయని ఆ కదలని కారులో స్టీరింగు ముందు కూర్చునేవారు. పిలిస్తే పలికేవారు కాదు. ఆరిపోయిన మీటరు వైపే చూసేవారు. ఇప్పటికీ ఆ వాకిలి దాటేటప్పుడు నేను కారులోకి చూడకుండా నడుస్తాను.

అస్థికలు మా పాత ఊరి సముద్రంలో కలపాలని ఇంట్లోవాళ్లు అన్నారు. కొడుకు కొత్త బ్యాటరీ వేయించి కారు తీశాడు. వైరు పాతదే. నేను పక్కన కూర్చున్నాను. శ్రీకాకుళం దాటాక తుప్పర మొదలైంది. లైట్లన్నీ వెలిగాయి. ఎర్ర త్రికోణం. బండి నీరసపడి, తాటితోపు పక్కన ఆగింది. వాడి చేతులు స్టీరింగు మీద అలాగే ఉండిపోయాయి. ఆపి, మళ్లీ తీశాడు. ఏమీ లేదు.

"మావయ్యా, మీరు సూసేరు గదా?"

చూశాను. స్పష్టంగా చూశాను.

"లేదురా. నేను అటు తాటిచెట్లు చూస్తున్నాను" అన్నాను.

వాడు చాలాసేపు నా ముఖంలోకి చూసి, మెల్లగా బండి కదిపాడు. సముద్రం కనిపించేదాకా వాడి కళ్లు రోడ్డు మీద తక్కువ, మీటరు మీద ఎక్కువ ఉన్నాయి.